ఇంతకీ మనకేం ఉపయోగం?

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని కేరీలో ఉండే మా బావమరిది ఫ్యామిలీ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. "బావా, ఇక్కడ దగ్గర్లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ల లెమర్ సెంటర్ అని ఉంది, పిల్లల్ని తీసుకెళ్లాం. లెమర్లంటే కోతులకి దూరపు చుట్టాలట. అందులో ఒక బుల్లి లెమర్ నెలల తరబడి పడుకుంటుందట. పడుకున్నన్నాళ్లూ వయసు వెనక్కి వెళ్తుందట! ఒంట్లో ఎంత కొవ్వు పట్టినా షుగర్ రాదట! దీన్ని మనం ఎలా వాడుకోవచ్చో చూడాలి బావా." మా పెద్దమామయ్య వెంటనే రెండు దండాల బొమ్మలు పెట్టాడు. మా పిన్ని, "ఆ మందు విజయవాడలో దొరుకుతుందా నాన్నా?" అని అడిగింది.

మీ గ్రూపులోనూ ఇలాంటి బావమరిది ఒకడు ఉండే ఉంటాడు. లేడంటే ఆ పదవిలో మీరే ఉన్నారని అర్థం.

నిజానికి వాణ్ని ఒక్కణ్నే అని లాభం లేదు. ఈ జంతువు మీద వచ్చిన వార్త ఏది తీసినా నడక ఒకటే. మొదటి పేరాలో "అరచేతిలో పట్టేంత ముద్దులొలికే ప్రాణి". రెండో పేరాలో లావాటి తోక. మూడో పేరాలో గుండె ఎంత నెమ్మదిగా కొట్టుకుంటుందో, ఆశ్చర్యార్థకాలతో సహా. నాలుగో పేరా దగ్గర విలేకరి గొంతు సవరించుకుంటాడు. ఈ రహస్యం తెలిస్తే మనిషి అంగారకుడి మీదకి పడుకుని వెళ్లొచ్చు, నూరేళ్లు దాటి బతకొచ్చు, ఎంత తిన్నా జబ్బు రాకుండా చూసుకోవచ్చు, గుండె ఆపరేషన్లు తీరిగ్గా చేసుకోవచ్చు. అప్లికేషన్ పెట్టుకోకుండానే నాలుగు ఉద్యోగాలు వచ్చిన ప్రాణి భూమ్మీద ఇదొక్కటే. నిరుద్యోగులు గమనించగలరు.

ఇది నాలుగో పేరా. ఇందులో మీకు పనికొచ్చేది ఏమీ లేదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఇక కథానాయిక సంగతి. పేరు కొవ్వుతోక మరుగుజ్జు లెమర్. సొంత ఊరు మడగాస్కర్ పడమటి వైపున్న ఆకురాల్చే అడవులు. ఒళ్లు జానెడు, తోక జానెడు. చిక్కినప్పుడు 120 గ్రాముల పైచిలుకు, బాగా మేసినప్పుడు దానికి రెట్టింపు. తిరుగుడంతా రాత్రిపూటే. పళ్లు, పూలు, పూతేనె, దొరికితే పురుగులు. మొరొండవ అనే పట్టణం నుంచి ఈశాన్యంగా 60 కిలోమీటర్లు వెళ్తే కిరిందీ అడవి వస్తుంది. ఆ దారిలోనే టూరిస్టులంతా ఫొటోలు దిగే బావోబాబ్ చెట్ల బాట ఉంది. (హైదరాబాదులో గోల్కొండ నయాఖిల్లా చెట్టును చూసినవాళ్లకు బావోబాబ్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఇవి దానికి దాయాదులు.) జర్మన్ ప్రైమేట్ సెంటర్ వాళ్లు (లెమర్లు, కోతులు, మనం, అందరం కలిసిన కులమే ప్రైమేట్లు) 1993 నుంచి ఆ అడవిలో ఒక స్థావరం పెట్టుకుని ఈ ప్రాణుల్ని గమనిస్తూ వస్తున్నారు.

అక్కడ వాన పడేది ఏడాదిలో నాలుగైదు నెలలు. ఆ తర్వాత చుక్క రాలదు. చెట్లు మోడులవుతాయి, పళ్లు ఉండవు, నీళ్లు ఉండవు. పగలు 30 డిగ్రీలు దాటే ఎండ, రాత్రి వణికించే చలి. అలాంటి చోట మన కథానాయిక చేసే పని ఇది. వానాకాలమంతా తిని, మిగులును తోకలో దాచుకుని, ఏప్రిల్ వచ్చేసరికి చెట్టు తొర్రలోకి దూరి తలుపేసుకుంటుంది. మళ్లీ బయటికి రావడం అక్టోబరు, నవంబరుల్లోనే. ఏడు నెలల దాకా తిండి లేదు, తాగేది లేదు, తోకే బత్తెం. పెద్దవి ముందుగా వెళ్లిపోతాయి. ఆ ఏడు పుట్టిన పిల్లలు మాత్రం తోక ఇంకా నిండక మే దాకా బయటే తిరుగుతూ దొరికింది తింటుంటాయి.

మనం బడిలో చదువుకున్న సుప్తావస్థ అంటే మంచు, చలి, గుహలో ఎలుగుబంటి. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. వేడి దేశంలో, అదీ మన సొంత వానర కులంలో ఇలాంటి వేషాలు ఉంటాయని పుస్తకాలవాళ్లు అనుకోలేదు. 2004లో కాథ్రిన్ డౌస్‌మన్, ఆమె సహచరులు కిరిందీలో కొలతలు తీసి నేచర్ పత్రికలో అచ్చు వేయించేసరికి అందరూ నోళ్లు తెరిచారు. ఆ కొలతల్లో తేలిన సంగతి నాకు భలే ఇష్టం. తొర్ర గోడ పల్చగా ఉంటే లోపలి వేడి రోజుకి దాదాపు 20 డిగ్రీలు పెరిగి తగ్గుతుంది, దాంతోపాటే లెమర్ ఒంటి వేడి కూడా పెరిగి తగ్గుతుంది. అది ఏమీ చేయదు. మధ్యాహ్నం ఎండ ఒంటిని 30 డిగ్రీలు దాటిస్తే ఒళ్లు వెచ్చబెట్టుకునే పని ఫ్రీగా అయిపోయినట్టే. బిల్లు సూర్యుడి ఖాతాలో పడుతుంది. గోడ మందంగా ఉన్న తొర్రలో దూరిన లెమర్‌కి ఆ సదుపాయం లేదు. కొన్ని రోజులకోసారి తన కొవ్వు తనే కాల్చుకుని ఒళ్లు వెచ్చబెట్టుకోవాలి. అంటే ఇల్లు చూసుకునేటప్పుడు అది గోడ మందం దగ్గర కూడా పొరపాటు చేయకూడదు. మనం వాస్తు చూసుకుంటాం.

గుండె నిమిషానికి 200 సార్లు కొట్టుకునేది కాస్తా 8 సార్లకి దిగుతుంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య 20 నిమిషాల దాకా గడిచిపోవచ్చు. పొద్దున్నే బాల్కనీలో పది సెకన్లు ఊపిరి బిగబట్టి దాన్ని వీడియో తీసి గ్రూపులో పెట్టే మా పెద్దమామయ్య ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలని నా ప్రార్థన.

యూట్యూబ్ వాళ్లది ఇంకో దారి. "ఏడు నెలలు నిద్రపోయే కోతి! లెమర్ జాతి కుంభకర్ణుడు!" పైన ఎర్ర బాణం, పక్కన ఎవరో నోరు తెరిచిన ఫొటో. బద్ధకానికి బ్రాండ్ అంబాసిడర్‌గా దీన్ని నియమించేశారు. "సేమ్ నేనే" అని కింద వందల కామెంట్లు. అయ్యా, ఆదివారం పదకొండింటి దాకా పడుకున్న పెద్దమనిషీ, నీకూ దానికీ ఏ పోలికా లేదు. డ్యూక్ పరిశోధకులు ఈ లెమర్ల మెదడు తరంగాల్ని రికార్డు చేసి 2013లో ప్రచురించారు. ఒళ్లు చల్లబడి ఉన్నంతసేపూ మెదడులో నిద్ర జాడే కనబడలేదు, గీత దాదాపు చదునుగా నడిచింది. ఒళ్లు వెచ్చబడినప్పుడే నిద్ర గుర్తులు కనిపించాయి. నిద్రపోవాలంటే ముందు ఒళ్లు వెచ్చబడాలి, అప్పుడే కాసేపు కునుకు. ఏడు నెలలు తొర్రలో ఉండి కూడా నిద్ర కోసం టైం చూసుకోవాల్సిన ప్రాణిని పట్టుకుని నిద్రమొహం అంటున్నారు!

ఈ మధ్య నాకు కళ్లు మూసుకుంటే ఒకటే దృశ్యం.

జూలై నెల. కిరిందీ అడవిలో ఒక మోడు చెట్టు. చెట్టు కింద తెల్ల గుడ్డ పరిచిన టేబుల్, నాలుగు కుర్చీలు, నాలుగు వాటర్ బాటిళ్లు. వెనక ఫ్లెక్సీ: "వార్షిక పనితీరు సమీక్ష. మానవజాతి సాదర సమర్పణ." కుర్చీల్లో ఒక హెచ్చార్ మేడమ్, అంగారకుడికి రాకెట్లు పంపుతానంటున్న ఒక కంపెనీ ఆయన, పొద్దున్నే నాలుగున్నరకి లేవమని లోకానికి చెప్పే ఒక మోటివేషన్ కోచ్, చేతిలో బ్లడ్ రిపోర్టుతో మా పెద్దమామయ్య.

"గుడ్ మార్నింగ్. మీ గురించి రెండు మాటలు చెప్పండి" అంటుంది మేడమ్ తొర్ర వైపు చూసి.

జవాబు లేదు. లోపల తర్వాతి ఊపిరికే ఇంకా పద్నాలుగు నిమిషాల టైముంది. మేడమ్ లాప్‌టాప్‌లో టైప్ చేస్తుంది: "కమ్యూనికేషన్ స్కిల్స్ మెరుగుపడాలి."

కుంభకర్ణుణ్ని లేపడానికి రావణుడి మనుషులు భేరీలు మోగించారు, ఏనుగుల చేత తొక్కించారు. వీళ్లు బ్లూటూత్ స్పీకర్ పెడతారు. రాకెట్ ఆయన చెట్టు బోదె మీద కర్రతో కొడతాడు. ఎట్టకేలకు లోపల పొయ్యి రాజుకుంటుంది. చల్లటి ఒంటిని వేడెక్కించాలి, గుండెని ఎనిమిది నుంచి రెండు వందలకి ఎక్కించాలి, ఇదంతా సొంత ఖర్చు. తోకలోంచి వారం రోజుల బత్తెం పోతుంది. రెండు పెద్ద కళ్లు బయటికొస్తాయి.

"గడిచిన క్వార్టర్‌లో మీ కాంట్రిబ్యూషన్ ఏమిటి?"

"చచ్చిపోలేదు."

"అది కాదండీ, వ్యాల్యూ యాడిషన్ ఏమిటని."

"తిండి తినలేదు. నీళ్లు తాగలేదు. ఎవరి వాటా తీసుకోలేదు." ఇంకో రోజు బత్తెం పోయింది.

"టీమ్ ప్లేయరేనా?"

"ఒక్కోసారి ఒకే తొర్రలో ఇద్దరు ముగ్గురం ముడుచుకుంటాం."

మేడమ్ మొహం వికసించింది. ఓపెన్ ఆఫీస్ కల్చర్ అని రాసుకుంది.

కోచ్ అందుకున్నాడు. "మీలో పొటెన్షియల్ ఉంది. కానీ విజేతలందరూ తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తారు. మీరు ఏం చేస్తున్నారు ఆ టైములో?"

"మామూలు రోజుల్లో ఆ టైముకి డ్యూటీ దిగి ఇంటికొస్తాను."

"మైండ్‌సెట్ ప్రాబ్లం" అని మేడమ్ చెవిలో చెప్పాడు కోచ్.

రాకెట్ ఆయన కుర్చీ ముందుకి జరిపాడు. "సూటిగా మాట్లాడుకుందాం. మాది నెలల తరబడి ప్రయాణం. అంతమందికి భోజనాలు, మరుగుదొడ్లు, గొడవలు. అందర్నీ పడుకోబెట్టేస్తే బోలెడు మిగులు. మీ ఫార్ములా చెప్పండి."

"వానాకాలంలో పళ్లు బాగా తినండి."

"అంతేనా?"

"మీకు తోక ఉందా?"

రాకెట్ ఆయన ఒకసారి వెనక్కి తడుముకున్నాడు. మిగతా ముగ్గురూ మర్యాదగా ఫ్లెక్సీ వైపు చూశారు.

"పోనీ, మీరు వెళ్లేచోట పళ్లచెట్లు ఉన్నాయా?"

"లేవు."

"వాన?"

"లేదు."

"మరి లేచాక ఏం తింటారు?"

"అది సెకండ్ ఫేజ్" అన్నాడాయన. మూడు రోజుల బత్తెం ఖర్చయింది ఈ సంభాషణకి.

ఆఖరికి మా పెద్దమామయ్య రిపోర్టు పైకెత్తి చూపించాడు. "అమ్మాయ్, నాకు ఫాస్టింగ్‌లో 180 వస్తోంది. నువ్వు అన్ని తియ్యటి పళ్లు తింటావు, ఇంత కొవ్వు పెట్టావు, షుగర్ ఎందుకు రాలేదు? ఏ మందు వాడతావు?"

"తిన్నాక ఏడు నెలలు ఏమీ తినను మామయ్యగారూ."

"టీలోకి రెండు బిస్కెట్లయినా?"

"తినను."

మామయ్య రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. రేటింగ్ ప్రకటించారు: అంచనాలను అందుకోలేదు. మెరుగుపడటానికి తొంభై రోజుల గడువు. టేబుల్ మడతపెట్టి, ఫ్లెక్సీ చుట్టి, బాటిళ్లు అక్కడే పారేసి వెళ్లిపోయారు. నవంబరు దాకా రావాల్సిన తోక ఇప్పుడు అక్టోబరుకే ఖాళీ అవుతుందన్న సంగతి మీటింగ్ మినిట్స్‌లో లేదు.

ఈ పాటికి లెమర్ వాళ్లని ఒక ఎదురుప్రశ్న వేస్తుందని మీరు ఎదురుచూసి ఉంటారు. వేయదు. ఎదురుప్రశ్నకి కూడా కొవ్వు కావాలి, అది తన తోకని మన మీద తగలేసేంత తెలివితక్కువది కాదు.

ఇంకో బాపతు వాళ్లున్నారు, వాళ్లకి ప్రతి జంతువూ ఒక నీతి నేర్పాలి. వాళ్లకి ఈ లెమర్ దాంపత్యం మహా నచ్చుతుంది. ఆడా మగా ఏళ్ల తరబడి జంటగా ఉంటాయి. సాధారణంగా ఇద్దరు పిల్లలు. తల్లి మేతకి వెళ్తే తండ్రి పిల్లల దగ్గర ఉంటాడు, తండ్రి వెళ్తే తల్లి ఉంటుంది. "ఈ మూగజీవాన్ని చూసైనా నేర్చుకోండి" అని గులాబీ పువ్వుతో శుభోదయం మెసేజ్ తయారు. కిరిందీలోనే జోవన్నా ఫీట్జ్ బృందం ఈ ఆదర్శ కుటుంబాలకి జన్యు పరీక్షలు చేసి 2000లో లెక్క ప్రచురించింది. పిల్లల్లో 44 శాతానికి ఇంట్లో పెంచుతున్న తండ్రి అసలు తండ్రి కాదు. శుభోదయం మెసేజ్‌లో ఈ అంకె ఎందుకో ఉండదు. పెంచే తండ్రి మాత్రం రాత్రి పూట కాపలా మానలేదు. నీతి కావాలంటే అక్కడ వెతుక్కోండి, నాకు అవసరం లేదు.

వయసు వెనక్కి వెళ్లే ముచ్చట కూడా పూర్తిగా చెప్పేస్తాను, లేకపోతే మా పిన్ని ఊరుకోదు. కణాల్లో క్రోమోజోముల కొసల్ని టెలోమియర్లు అంటారు. వయసు పెరిగేకొద్దీ ఇవి పొట్టిబడుతుంటాయి. డ్యూక్‌లో 15 మరుగుజ్జు లెమర్ల మీద చేసిన పరిశీలన 2025లో వచ్చింది. సుప్తావస్థలో ఉన్నప్పుడు ఈ కొసలు పొట్టిబడకపోగా పెరిగాయి. మెసేజ్‌లు ఇక్కడే ఆగిపోతాయి. తర్వాతి వాక్యం ఏమిటంటే, లేచిన రెండు వారాలకి అవి మళ్లీ ఎప్పటి పొడవుకే వచ్చేశాయి. ఇంతోటి దానికి ఇక్కడ ఇప్పటికే ఎవడో ఒకడు "లెమర్ గోల్డ్" పేరుతో క్యాప్సూల్స్‌కి డబ్బా డిజైన్ చేయిస్తూ ఉంటాడని నా గట్టి నమ్మకం. పరిశోధకుల్ని నేను తప్పుపట్టను. గ్రాంటు ఫారంలో "మనిషికి దీనివల్ల ప్రయోజనం" అనే గడి ఖాళీగా వదిలితే ఎవరూ పైసా ఇవ్వరు. పాపం వాళ్లకి ఆ ప్రాణి మీద ప్రేమ ఉన్నా, ఆ ప్రేమకి బిల్లు పెట్టడానికి మన షుగర్ రిపోర్టు జతచేయాల్సి వస్తోంది. ఒక జంతువు తన మానాన తను లక్షల ఏళ్లుగా బతుకుతోందన్నది చాలినంత కారణం కాదు మనకి.

ఈ ప్రశ్న కొత్తదా అంటే అదీ కాదు. మన శేషాచలం కొండల్లో, తూర్పు కనుమల్లో దేవాంగపిల్లి ఉంది. లెమర్లకి దూరపు చుట్టం. ఇదీ రాత్రి సంచారే, దీనివీ పెద్ద కళ్లే. సుప్తావస్థ తెలియదు, కొవ్వుతోక మాట దేవుడెరుగు, అసలు తోకే లేదు. టెలోమియర్ల గురించి దీన్నెవరూ అడగరు. కానీ "మనకేం ఉపయోగం" అన్న ప్రశ్న దీన్ని ఎప్పుడో అడిగేశారు, జవాబు కూడా వాళ్లే చెప్పుకున్నారు. దాని కళ్లు మందుకి పనికొస్తాయట. వశీకరణానికి పనికొస్తుందట. చేతబడికి పనికొస్తుందట. కళ్లు! బతికున్న జీవి కళ్లు! 1972 నాటి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో, పులికిచ్చిన స్థానం ఇచ్చి పెట్టారు దీన్ని. అయినా చీకట్లో కొమ్మ మీద మెల్లగా నడిచి వెళ్లే ఆ ప్రాణిని సంచిలో వేసుకొచ్చి అమ్మేవాడు ఉన్నాడు, కొనేవాడు ఉన్నాడు. కొనేవాడు అడవిలో ఉండడు. ఊళ్లో ఉంటాడు, చదువుకునే ఉంటాడు. సిగ్గు అనేది మన దగ్గరే ఏదో లోతైన సుప్తావస్థలో ఉంది.

మడగాస్కర్‌కే వెళ్దాం. కిరిందీ ఉన్న మెనాబె అంతిమెనా ప్రాంతాన్ని 2015లో శాశ్వత రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ప్రకటన బాగానే ఉంది. ఏటా ఎండాకాలం అక్కడ చెట్లు కొట్టి నిప్పు పెడుతూనే ఉన్నారు. ఎందుకంటే మొక్కజొన్నకి, వేరుశనగకి. నిప్పు పెట్టేవాళ్లలో చాలామంది దక్షిణాన కరువుకి ఊళ్లొదిలి నడిచొచ్చినవాళ్లు. వాళ్లని తిట్టడానికి నాకు నోరు రాదు, ఆకలికి ఎవరైనా అదే చేస్తారు. ఆ పంట కొని లారీలకెత్తే వ్యాపారి మాత్రం కరువులో నడిచి రాలేదు. అగ్గిపుల్ల గీసినవాడు అప్పుడప్పుడూ జైలుకి వెళ్తాడు. లారీ ఏనాడూ వెళ్లదు.

నిప్పు పెట్టే నెలలు ఏవో గమనించారా? వాన లేని నెలలు. ఆకులు రాలి, కట్టె ఎండి, సులువుగా అంటుకునే నెలలు. సరిగ్గా అవే నెలల్లో మన అంగారక నిపుణురాలు తొర్రలో ఉంటుంది. గుండె నిమిషానికి ఎనిమిది సార్లు కొట్టుకుంటూ ఉంటుంది. పారిపోవాలంటే ముందు ఒళ్లు వేడెక్కాలి, దానికి టైం కావాలి. మంట టైం ఇవ్వదు. ఫోసా అనే వేటజంతువు వచ్చి తొర్ర చీల్చి తినేస్తుందంటే సరే, అది అడవి లెక్క, ఆ లెక్కలో లెమర్ కూడా ఏనాటి నుంచో ఉంది. ఈ లెక్కలో లేదు. ఏడు నెలల పొదుపు, వెతుక్కుని దూరిన ఇల్లు, మే దాకా బయట తిరిగి తోక నింపుకున్న పిల్ల, అన్నీ ఒక్క మధ్యాహ్నంలో బూడిద. ఆ బూడిదలో ఒక మొక్కజొన్న గింజ నాటుతారు. మూడు నాలుగు పంటలకి నేల చచ్చిపోతుంది, ఇంకో నాలుగడుగులు అవతలికి జరిగి మళ్లీ అగ్గిపుల్ల. ఇది జరుగుతుండగానే మనం ఇక్కడ కూర్చుని దాని క్రోమోజోముల కొసలు కొలుచుకుంటున్నాం, నూరేళ్లు బతకడానికి! దాన్ని చంపి దాని ఆయుష్షు మనం తీసుకుందామనా?

లెక్కలు కావాలనేవాళ్లకి ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ వాళ్ల 2020 నాటి జాబితా ఉంది. 107 లెమర్ జాతుల్లో 103 ప్రమాదంలో ఉన్నాయి. అందులో 33 అంతరించడానికి ఒక్క మెట్టు ఇవతల. మన కొవ్వుతోకది కూడా ఆ 103లోనే ఉంది. అదే మెనాబె అడవిలో మేడమ్ బెర్త్ ఎలుక లెమర్ అని ఒకటి ఉంది. 30 గ్రాములు, ప్రపంచంలోకెల్లా చిన్న ప్రైమేట్. 2000లో దానికి పేరు పెట్టారు. పేరు పెట్టి ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆ 33లో చేరిపోయింది. దానివల్ల షుగర్ తగ్గుతుందని ఎవరూ చెప్పలేదు కాబట్టి దాని గురించి మా గ్రూపులో మెసేజ్ రాలేదు.

దీనికీ ఒక పరిష్కారం తయారుగా ఉంటుంది: మొక్కలు నాటడం. ఏ అడవి తగలబడినా మరుసటి నెలలో ఎవరో ఒక పెద్దమనిషి చేతిలో మొక్క, మెడలో దండ, పక్కన నీళ్ల బకెట్ పట్టుకున్న కుర్రాడు, ఎదురుగా కెమెరా. మన దగ్గర చూశాం, అక్కడా అదే. మొక్క నాటడం మంచిదే, కాదని ఎవరన్నారు? కాకపోతే లెమర్‌కి కావాల్సింది మొక్క కాదు, తొర్ర. తొర్ర పడాలంటే చెట్టు ముదరాలి, కొమ్మ విరగాలి, లోపల పుచ్చాలి, పక్షులూ పురుగులూ తలా కాస్త తవ్వాలి. ఇదంతా దశాబ్దాల పని. వేలెడు మొక్కలో జానెడు లెమర్ దూరదు. కాబట్టి నాటేవాళ్లకి ఒకటే విన్నపం. మీ మొక్క పెరిగి, ముదిరి, దానికి మంచి పల్చటి గోడతో తొర్ర పడిన రోజున కబురు పెట్టండి, లెమర్‌ని అక్కడికే పంపిస్తాం. అప్పటిదాకా ఏటా ఏప్రిల్ నుంచి ఏడు నెలలు అది ఎవరింట్లో ఉండాలో కూడా ఆ బ్యానర్ మీదే రాయించండి. ఫోన్ నంబరుతో సహా.